పాత పికప్‌కి డీఐ ఇంజిన్ ఎక్కించాలంటే

పాత ఇంజిన్ దించి ఇంకోటి ఎక్కించడానికి చైన్ బ్లాకు, చేతికింద ఇద్దరు మనుషులు ఉంటే ఒక పూట చాలు. అందుకే "రెండ్రోజుల్లో బండి తోలుకుపో సామీ" అని మాట ఇచ్చేసే మెకానిక్‌లు ఎక్కడైనా దొరుకుతారు. ఆ మాట నమ్మి లోడుకి అడ్వాన్స్ తీసుకున్న ఓనర్లు కొన్ని వారాల తర్వాత తాడు కట్టి బండిని మా షెడ్డుకి లాక్కొస్తారు. ఇంజిన్ కూర్చున్నాకే అసలు పని మొదలవుతుంది. క్లచ్, ప్రొపెల్లర్ షాఫ్ట్, రేడియేటర్, డీజిల్ పైపులు, ఎర్త్ వైరు, ఆర్‌సీ కాగితం, ఎక్కడ ఆగినా వీటి దగ్గరే ఆగుతుంది. పాత ఇంజిన్ బోల్టు ఒక్కటి కూడా విప్పకముందే ఏం చూసుకోవాలో, విప్పాక ఎక్కడ దెబ్బ తగులుతుందో నాకు తెలిసినంత చెప్తాను.

మా షెడ్డు నెల్లూరు ఆటోనగర్‌లో. విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల మేత తోలే బండ్లు, పొదలకూరు తోటల నుంచి గూడూరు మార్కెట్‌కి నిమ్మకాయలు తోలే బండ్లు మాకు ఎక్కువ. వాటిలో ఎక్స్‌డీపీ 4.90 ఇంజిన్‌తో వచ్చి, వెనక తొట్టి కట్టించుకుని పికప్‌గా తిరుగుతున్న పాత మహీంద్రాలు ఇంకా ఉన్నాయి. వాటిలోకి అదే కంపెనీ 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్ మార్చడం గురించే ఇదంతా.

రెండిటికీ తేడా ముందు తెలుసుకోండి. ఎక్స్‌డీపీ ఫ్రెంచి ప్యూజో డిజైన్. పేరులోనే ఉంది, 4 సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 83, మొత్తం 2112 సీసీ. డీఐ ఇంజిన్‌ది ఇంటర్నేషనల్ ట్రాక్టర్ వంశం. బోర్ 88.9, స్ట్రోక్ 101.6. అంటే బోర్ కొంచెం తగ్గింది, స్ట్రోక్ బాగా పెరిగింది. కింది గేర్లలో, తక్కువ తిరుగుడులో లాగే గుణం దానివల్లే వస్తుంది. లోడు బండికి కావాల్సింది కూడా అదే. కానీ అదే ఇంజిన్ పాతదాని అంత వేగంగా తిరగదు. వెనక డిఫరెన్షియల్ మార్చకుండా ఇంజిన్ ఒక్కటే మారిస్తే హైవే మీద టాప్ స్పీడు తగ్గుతుంది. "కొత్త ఇంజిన్ వేయించినా బండి పరిగెత్తడం లేదు" అని తర్వాత మెకానిక్ మీద పడొద్దు. ఇంకోటి, ఎక్స్‌డీపీకి హీటర్ ప్లగ్గులు కావాలి, పొద్దున్నే అవి కాలితేగానీ స్టార్ట్ అవదు. డీఐలో డీజిల్ నేరుగా పిస్టన్ మీదకే కొడుతుంది కాబట్టి మన ఎండలకి ఆ గొడవ లేదు.

కాగితాల సంగతి

ఇది ఎవరికీ ఇష్టం ఉండని పని. కానీ ఇక్కడ తేడా వస్తే మిగతా ఖర్చంతా పాత ఇనుము ధరకి పోతుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ దీని గురించే చెప్తుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ పొంతన లేకుండా బండిని మార్చకూడదు. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేస్తే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసులో తెలిపి కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. రకం మారుతుంటే ముందే అనుమతి తీసుకోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు చెల్లవని గట్టిగానే చెప్పింది. ఎక్స్‌డీపీ నుంచి డీఐకి అంటే కంపెనీ ఒకటే అయినా సీసీ మారుతుంది, రకం మారుతుంది. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని కలిసి, అర్జీ పెట్టి, జవాబు కాగితం మీద తీసుకోండి. కుదరదంటే పాత ఎక్స్‌డీపీనే బోరింగ్ చేయించుకోవడం మేలు. నోటిమాటగా "ఏం కాదులే పో" అన్నది ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజు పనికిరాదు. ఎనిమిదేళ్లు దాటిన గూడ్స్ బండికి ఎఫ్‌సీ ఏటా ఉంటుంది. ఏటా ఎవరో ఒకరు బానెట్ ఎత్తి నంబర్ చూస్తారు.

ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఒప్పుదల కాగితం, ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక లెటర్ కూడా ఇందులో భాగమే. పెట్రోల్ ఆర్‌సీ ఉన్న బండికి డీజిల్ వేయమని ఎవరైనా వస్తే మా షెడ్డులో టీ తాగించి పంపేస్తాం.

ఇంజిన్ కొనేటప్పుడు

మనవాళ్లు ఇంజిన్ కోసం అయితే విజయవాడ ఆటోనగర్‌కి పోతారు, లేదంటే మద్రాసు పుదుపేటకి. రెండు చోట్లా మంచి సరుకూ ఉంటుంది, రంగు వేసిన సరుకూ ఉంటుంది. ముందు బ్లాకు మీద నంబర్ చూడండి. అక్కడ గ్రైండర్ పెట్టిన గుర్తు ఉన్నా, అంకెలు వంకరటింకరగా కొట్టి ఉన్నా, ఎంత చవకైనా వద్దు. బిల్లులో ఆ నంబర్ రాయమనండి. రాయనంటే ఎందుకో మీకే అర్థమవుతుంది.

వీలైతే నడిపి చూపించమనండి. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మనం వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, కొట్టువాడు మనకంటే ముందు నిద్ర లేచాడని అర్థం. ఆయిల్ పోసే మూత తీసి చేయి అడ్డం పెట్టండి. కొద్దిగా గాలి వస్తే ఫర్వాలేదు, బుస్సు బుస్సున పొగ తంతుంటే రింగులు అయిపోయాయి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. నలుపు వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. తెల్లటి పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కంప్రెషన్‌నో, పంపు టైమింగ్‌నో, హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. నడిపే వీలు లేకపోతే ముందు పుల్లీ పట్టుకుని ముందుకీ వెనక్కీ గట్టిగా లాగండి. టక్‌టక్ మని ఆడిందంటే క్రాంక్ థ్రస్ట్ వాషర్లు పోయాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీ ఇంజిన్ కొనొద్దు. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే పెట్టె), ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, గేర్‌బాక్స్, మౌంటింగ్ బ్రాకెట్లు, సెల్ఫ్ మోటార్, వ్యాక్యూమ్ పంపుతో ఉన్న ఆల్టర్నేటర్, ఫ్యాను, ఇంజిన్ ఆపే ఆఫ్ కేబుల్, అన్నీ ఒకే బండివి తీసుకోండి. పొదలకూరు నుంచి నిమ్మకాయలు తోలే ఒకాయన ఖాళీ ఇంజిన్ చవగ్గా వచ్చిందని తెచ్చుకున్నాడు. పాత గేర్‌బాక్సే వాడదామని ఎవరో సలహా ఇచ్చారట. బ్లాకు వేరు, బెల్ హౌసింగ్ బోల్టులు ఒకదానికొకటి కలవవు. లేత్‌లో ఇనుప ప్లేటు కోయించి మధ్యలో పెట్టారు. బండి కదిలింది, సంతోషపడ్డారు. ఎండాకాలం, నిమ్మకాయలకి మంచి రేటు ఉన్న రోజుల్లో గేర్‌బాక్స్ ముందు బేరింగ్ పొడి పొడి అయిపోయి బండి మా దగ్గరికి వచ్చింది.

విప్పి డయల్ గేజ్ పెట్టి చూశాం. గేజ్‌ని ఫ్లైవీల్‌కి బిగించి, ముల్లుని బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం అంచుకి ఆనించి, క్రాంక్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పాలి. ముల్లు దాదాపు కదలకూడదు, మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉండాలి. ఆ బండిలో ముల్లు మిల్లీమీటరు దాటి ఊగింది. అంటే ఇంజిన్ మధ్య ఒక చోట, గేర్‌బాక్స్ మధ్య ఇంకో చోట. ప్రతి చుట్టుకీ గేర్‌బాక్స్ ముందు షాఫ్ట్ వంగి లేస్తోంది. బేరింగ్ అన్నాళ్లు ఆగడమే గొప్ప. "గేర్‌బాక్స్ నాసిరకం అనుకున్నా అన్నా" అన్నాడాయన. గేర్‌బాక్స్ తప్పేం లేదు. చివరికి డీఐ గేర్‌బాక్స్, బెల్ హౌసింగ్ జతగా తెప్పించి వేశాం. ఖాళీ ఇంజిన్ కొని మిగిల్చిన డబ్బుకి రెట్టింపు పోయింది.

కూర్చోబెట్టడం

గేర్‌బాక్స్ జతచేసేటప్పుడు ఒక్క నియమం. బోల్టులు బిగించి గేర్‌బాక్స్‌ని లోపలికి లాగొద్దు. క్లచ్ ప్లేటుని డమ్మీ షాఫ్ట్‌తో మధ్యకి పెట్టి, పైలట్ బేరింగ్ కొత్తది వేసి, గేర్‌బాక్స్ చేత్తో తోస్తేనే పూర్తిగా వెళ్లి అంటుకోవాలి. అంగుళం ఖాళీ దగ్గర ఆగిందంటే ఏదో తగులుతోంది. వెనక్కి తీసి చూడండి. కుర్రోళ్లు "బోల్టు వేస్తే అదే వస్తది" అంటారు, వస్తుంది కూడా, ప్లేటు హబ్బు వంచుకుని మరీ వస్తుంది.

కొత్త మౌంటింగులు ఛాసిస్‌కి వెల్డింగ్ చేసే ముందు ఇంజిన్‌ని బోల్టులతో తాత్కాలికంగా నిలబెట్టి బానెట్ మూసి చూడండి. స్ట్రోక్ పెద్దదైన ఇంజిన్‌కి ఎత్తు సమస్య రావచ్చు. కిందికి దించితే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ముందు ఆక్సిల్‌కి దగ్గరవుతుంది. ఆక్సిల్ మీద, సంప్ కింద సరిగ్గా తగిలే చోట పుట్టీ ముద్ద అంటించి, లోడుతో గుంతల రోడ్డు మీద తిప్పుకు రండి. ముద్ద ఎంత అణిగిందో చూస్తే మిగిలిన సందు తెలుస్తుంది. కనీసం అంగుళం మిగలాలి. మిగలకపోతే సంప్ జోలికి పోకుండా ముందు కమాన్ కట్టకి పట్టా కలపండి. బరువైన ఇంజిన్‌కి అది ఎటూ అవసరమే. వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయడం మరిచిపోకండి, డయోడ్లు పోతాయి.

తర్వాత వంపు. గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ ఎన్ని డిగ్రీలు కిందికి వంగి ఉందో, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ అన్నే డిగ్రీలు పైకి చూడాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. ఇప్పుడు ఫోన్లలో మట్టం చూసే యాప్ ఉంది, దాన్ని ఫ్లాంజ్‌కి ఆనిస్తే సరిపోతుంది. ఖాళీ బండికి కాదు, మామూలుగా వేసే లోడు వేసి కొలవాలి. ఈ రెండు ఫ్లాంజ్‌లనీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారితే కోయించి అతికిస్తారు. రెండు చివర్ల యోక్‌లు (క్రాస్‌ని పట్టుకునే కొమ్ములు) ఒకే గీతలో ఉండేలా ముందే సుద్దతో గుర్తు పెట్టండి, అతికాక బ్యాలెన్సింగ్ చేయించండి. బండి ఒక స్పీడు దగ్గర మాత్రమే ఊగుతూ, దాటాక తగ్గుతుంటే క్రాస్‌లు మార్చుకుంటూ పోకుండా ఈ రెండూ చూడండి.

వేడి

నెల్లూరులో మే నెల ఎండ ఎట్టా ఉంటుందో చెప్పక్కర్లేదు. పాత రేడియేటర్ ఎక్స్‌డీపీకి సరిపోయింది కదా అని దీనికీ ఉంచేయొద్దు. ఫ్యాను చుట్టూ కౌల్ (గాలిని రేడియేటర్ గుండానే లాగించే తొడుగు) తప్పనిసరి. రెక్కలు సగం కౌల్ లోపల, సగం బయట ఉండాలి. ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య ఒక అంగుళం చాలు. కౌల్ లేకపోతే ఫ్యాను ఇంజిన్ దగ్గరున్న వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకేయడం. "మన ఎండకి అదెందుకు సామీ" అంటారు. నా మాట వినండి, ఉంచండి. డీజిల్ ఇంజిన్ చల్లగా నడిస్తే సరిగా మండని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది, రింగులు త్వరగా అరుగుతాయి. థర్మోస్టాట్ తీస్తే వేడి తగ్గిందంటే రేడియేటర్ లోపల మట్టి పేరుకుందని అర్థం. ముందు దాన్ని కడిగించండి. నీళ్ల సంగతి కూడా. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవి పోసిన రేడియేటర్‌లో పైపులు తెల్లటి గుల్లతో మూసుకుపోతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు.

డీజిల్ లైను, గాలి

ఇంజిన్ ఎక్కాక స్టార్ట్ అవకపోవడానికి, అయినా నిమిషంలో ఆగిపోవడానికి ఎక్కువ సార్లు కారణం ఒకటే, లైనులో గాలి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో డీజిల్ పీల్చబడుతుంది. అందుకే అక్కడ చిన్న చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పొడిగా కనిపించే పైపు కాబట్టి ఎవరూ అనుమానించరు. ఫిల్టర్‌కి ముందు ఒక జానెడు పారదర్శకమైన పైపు పెట్టి చూడండి. బుడగలు వస్తుంటే ట్యాంకు వైపు ఎక్కడో లీకు. పాత రబ్బరు పైపులు, క్లిప్పులు అన్నీ పారేసి కొత్తవి వేయండి, అది పెద్ద ఖర్చు కాదు. ఇంజెక్టర్ల నుంచి తిరిగొచ్చే డీజిల్ ట్యాంకులోకి పోయే రిటర్న్ పైపు విడిగా ఉండాలి.

గాలి తీయడం ఒక వరసలో జరగాలి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి హ్యాండ్ పంపు కొట్టాలి. నురగ పోయి డీజిల్ నిండుగా వచ్చాక బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూకీ అదే పని. చివరగా ఇంజెక్టర్ నట్లు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి, డీజిల్ చిమ్మగానే ఒక్కోటీ బిగించాలి. పనిచేస్తున్న నాజిల్ ముందు చేయి మాత్రం పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరుతుంది. పైకి సూదిపోటులాగే కనిపిస్తుంది, చేయి పోతుంది.

మొదటి స్టార్టు

కొట్టులో ఒక వానాకాలమంతా పడున్న ఇంజిన్‌ని రొట్టెల పండగ ముందు ఎక్కించాం. స్వర్ణాల చెరువు దగ్గర అంగడి పెట్టుకునే ఆయన బండి, పండక్కి సరుకు తోలాలి, రోజూ వచ్చి కూర్చునేవాడు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. అందుకుని ఆగలేదు. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండానే శబ్దం పెరుగుతూ పోయింది. ఆఫ్ కేబుల్ లాగితే తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది, ఇంజిన్‌లో మార్పు లేదు. పంపు లోపల డీజిల్ ఎంత వదలాలో తేల్చే ర్యాక్ అనే కడ్డీ తుప్పుకి పట్టేసి, డీజిల్ పూర్తిగా వదిలే చోట ఇరుక్కుపోయింది. ఎయిర్ ఫిల్టర్ ముందే తీసి, పక్కన చెక్క పలక పెట్టుకుని ఉన్నాం. పలకతో మూతి మూసేసరికి ఇంజిన్ గింజుకుని ఆగింది. ఓనర్ మాత్రం గేటు దాటి రోడ్డు మీద ఉన్నాడు.

ఆ పలక ఏ కొత్త ఇంజిన్ స్టార్ట్ చేసినా మా దగ్గర ఉంటుంది. అరచేయి గానీ గుడ్డ గానీ వాడొద్దు, గుడ్డని లోపలికి లాగేసుకుంటుంది. అసలు స్టార్ట్ చేయకముందే పంపు పక్క మూత విప్పి, ర్యాక్ వేలితో తోస్తే ఇటూ అటూ తేలిగ్గా జరుగుతుందో లేదో చూడాలి. చాలా రోజులు పడున్న పంపుని నేరుగా ల్యాబ్‌కి పంపి కాలిబ్రేషన్ చేయించడం ఇంకా మంచిది. సంప్‌లో ఆయిల్ గీత దాటకుండా పోయండి, ఎక్కువైన ఆయిల్ తాగి కూడా ఇంజిన్ ఇలాగే పరిగెడుతుంది.

ఎర్త్ విషయం ఎవరూ పట్టించుకోరు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కదా, ఛాసిస్‌తో దానికి కరెంటు సంబంధం ఉండదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్‌కి లావు వైరు విడిగా ఉండాలి. రంగు గీకి, ఇనుము తెల్లగా కనపడ్డాకే బోల్టు వేయాలి. లేకపోతే సెల్ఫ్ మోటారు లాగే కరెంటంతా వేరే దారి వెతుక్కుంటుంది. ఒక బండిలో అది యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయింది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ కేబుల్ తొడుగు నుంచి పొగ. వాళ్లు వైరింగ్ అంతా మార్చించుకుని, రెండు బ్యాటరీలు కొని, ఆ తర్వాత వచ్చారు. ఒక ఎర్త్ వైరుతో పోయింది.

రోడ్డు మీదకి తీసే ముందు బ్రేకు చూడండి. బూస్టర్ ఉన్న బండికి వ్యాక్యూమ్ పంపు పనిచేయాలి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి జారాలి. జారకపోతే ట్యూబు ఊడిందో, పంపుకి ఆయిల్ అందడం లేదో చూడండి. ఆ పంపు నుంచి ఆయిల్ సంప్‌లోకి తిరిగొచ్చే పైపు ఎక్కడా మడత పడకుండా కిందికి వాలుగా ఉండాలి.

మేం మొదటి రోజు ఖాళీ బండిని ముత్తుకూరు దాకా తిప్పి, వచ్చాక కిందికి దూరి చూస్తాం. తర్వాత సగం లోడు. ఆ తర్వాత పూర్తి లోడుతో రాపూరు ఘాట్. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసేది అక్కడే. పొదలకూరు రోడ్డు మీద ఎంత తిప్పినా ఆ సంగతి తెలియదు. 500 కిలోమీటర్లకి మౌంటింగు బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు, పైపు క్లిప్పులు మళ్లీ బిగించి, ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. అది అయ్యాకే ఓనర్ దగ్గర మిగతా డబ్బు తీసుకుంటాం, అది అయ్యాకే ఆయన్ని ఎఫ్‌సీకి డేట్ పెట్టుకోమంటాం.